బిడ్డ చూచుచున్న బొమ్మ

(చదువవలసిన వాక్యభాగములు: లూకా 2:51, 52, యాకోబు 2:1–9)

కొల్లేటి లంకలలోని ఒక విశ్వాసి గృహమునకు ఒక సాయంకాలము నేను ప్రార్థనకు వెళ్లితిని. ఆ యింటి తల్లి తన మూడేండ్ల బిడ్డకు అన్నము పెట్టుచుండెను. బిడ్డ యెదుట సెల్‌ఫోను నిలువబెట్టబడి యుండెను. అందులో ఒక కుందేలు పిల్లయు, ఒక ఎలుగుబంటి పిల్లయు ఒకదానికొకటి పండ్లు ఇచ్చుకొనుచు, ‘దయచేసి’ అనియు ‘కృతజ్ఞతలు’ అనియు పలుకుచుండెను. బిడ్డ కన్నార్పక చూచుచు నోటికి వచ్చిన ముద్దను మ్రింగుచుండెను. ఇంతలో వాని మామ్మ మంచినీళ్ల గ్లాసు తెచ్చి వాని నోటికి అందించెను. ఆమె చేయి బొమ్మకు అడ్డమాయెను. వాడు ఆ చేతిని ఒక్క త్రోపు త్రోసెను. నీళ్లు ఆమె చీరమీద పడెను. ఆమె ఏమియు అనక కొంగు పిండుకొని ప్రక్కకు తొలగెను. తల్లి నా వైపు చూచి సిగ్గుపడి, “మర్యాదలు నేర్చుకుంటాడనే ఈ బొమ్మలు పెడుతున్నామండి అయ్యగారూ” అనెను.

ఆ తల్లిని నేను తప్పుపట్టలేదు. ఆమె తెల్లవారకమునుపే చేపల చెరువు గట్టుమీదికి కూలికి పోయి, ప్రొద్దు వాలిన తరువాత వచ్చి పొయ్యి వెలిగించుకొనిన మనిషి. బిడ్డ మంచి నడవడి నేర్చుకొనవలెనని ఆమె నిజముగా కోరుచున్నది. కాని ఆమె మాటలో ఒక ప్రశ్న యున్నది. బొమ్మలును పుస్తకములును చిన్నపిల్లలకు మర్యాద నేర్పగలవా? ఈ ప్రశ్న సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. క్రైస్తవ సంఘము దీనిని నాలుగు వందల యేండ్లకు పైగా ఆలోచించుచు వచ్చినది. ఆ చరిత్రను కొంత మీ యెదుట ఉంచి, తరువాత ఆ తల్లి ప్రశ్నకు రావలెనని నా కోరిక.

బొమ్మల పుస్తకము చేసిన బిషప్పు

పిల్లల మర్యాదలను గూర్చిన పాత పుస్తకములలో మిక్కిలి పేరుపొందినది 1530లో ఎరాస్మసు అను పండితుడు లాటిను భాషలో వ్రాసినది. భోజనపు బల్లయొద్ద ఎట్లు కూర్చుండవలెను, ముక్కు ఎట్లు తుడుచుకొనవలెను, పెద్దల యెదుట ఎట్లు నిలువవలెను అను సంగతులు అందులో కలవు. అది గొప్పయింటి బాలునికి అంకితమీయబడిన పుస్తకము. దానికి ఒక యేడాది ముందు, అనగా 1529లో, మార్టిన్ లూథరు తన చిన్న ప్రశ్నోత్తర పుస్తకమును ప్రకటించెను. ఆయన సాక్సనీ దేశపు పల్లె సంఘములను దర్శించినప్పుడు, పిల్లలకే కాదు, పెద్దలకును పది ఆజ్ఞలు తెలియకుండుట చూచి దుఃఖపడి దానిని వ్రాసెను. ఒక విషయము గమనించుడి. ఆ పుస్తకమును ఇంటి యజమానుడు తన యింటివారికి నేర్పవలెనని లూథరు నియమించెను. బడి పంతులుకు విడిచిపెట్టలేదు. తండ్రి చేతిలో పెట్టెను.

అయినను చిన్నబిడ్డకు బొమ్మ కావలెను. ఆ సంగతిని హృదయమునకు తెచ్చుకొనినవాడు జాన్ ఏమోస్ కొమేనియసు అను దైవసేవకుడు. ఆయన 1592లో మొరావియా దేశమందు పుట్టి, చిన్నతనమందే తల్లిదండ్రులను పోగొట్టుకొని, తరువాత సహోదరుల సంఘమున పాదిరియై, కడకు బిషప్పు ఆయెను. ముప్పదియేండ్ల యుద్ధము ఆయన ఇంటిని దోచెను. తెగులు వచ్చి భార్యను, ఇద్దరు బిడ్డలను తీసికొనిపోయెను. విశ్వాసము నిమిత్తము 1628లో స్వదేశమును విడిచి, మరల దానిని చూడలేకపోయెను. 1656లో ఆయన కాపురమున్న పట్టణము కాల్చబడగా, సంవత్సరముల తరబడి వ్రాసికొనిన వ్రాతప్రతులు బూడిదయ్యెను. ఇన్ని కోల్పోయిన మనుష్యుడు ఎవరిమీదనో పగతో గ్రంథము వ్రాసియుండవచ్చును. ఆయన పిల్లలకు బొమ్మల పుస్తకము చేసెను. అది 1658లో నూరెంబర్గు పట్టణమున అచ్చుపడెను. పిల్లల కొరకు బొమ్మలతో చేయబడిన మొదటి పాఠ్యపుస్తకముగా లోకము దానిని ఎంచుచున్నది.

అందు నూటయేబది పాఠములు. ప్రతి పాఠమునకును ఒక బొమ్మ. అక్షరములు నేర్పుటకు కాకి, గొఱ్ఱెపిల్ల మొదలగు ప్రాణుల బొమ్మలు వేసి, వాటి అరుపుల ద్వారా అక్షరముల ధ్వనులు చెప్పబడెను. దేవుడు, ఆకాశము, అగ్ని, చెట్లు, చేపలు, రొట్టె కాల్చువాడు, నేతగాడు – అందరును అందులో నున్నారు. వీటి నడుమ శ్రద్ధ, మితము, ఓర్పు, మానవత్వము, న్యాయము, దాతృత్వము అను సద్గుణములకు కూడ పాఠములును బొమ్మలును కలవు. మొదటి బొమ్మలో ఒక గురువును ఒక బాలుడును ఎదురెదురుగా నున్నారు.  గురువు రమ్మని బాలుని పిలుచుచున్నాడు. బాలుడు ప్రశ్న అడుగుచున్నాడు. ఆ పుస్తకమంతయు ఆ పిలుపులోనుండి నడచుచున్నది.

భయపెట్టిన బొమ్మలు

మరి రెండు వందల యేండ్లకు వేరొక త్రోవ కనబడినది. 1844 క్రిస్మసు సమయమున జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు పట్టణపు వైద్యుడు హైన్‌రిఖ్ హాఫ్‌మన్ తన మూడేండ్ల కుమారునికి ఒక పుస్తకము కొనుటకు అంగళ్లు తిరిగి, మనసుకు నచ్చినది దొరకక, తెల్లకాగితముల పుస్తకమొకటి కొని తానే బొమ్మలు గీసి కథలు వ్రాసి యిచ్చెను. 1845లో అది అచ్చుపడి అనేక దేశములకు వ్యాపించెను. గోళ్లు, జుట్టు కత్తిరించుకొనని బాలుడు, అన్నము వద్దనిన బాలుడు, నల్లవానిని ఎగతాళి చేసిన బాలురు అందు కనబడుదురు. మంచి బుద్ధి చెప్పుటయే దాని తలంపు. కాని బొటనవ్రేలు చీకిన పిల్లవాని వ్రేళ్లను దర్జీవాడు కత్తెరతో కత్తిరించును. అగ్గిపుల్లలతో ఆడిన బాలిక కాలి బూడిదయగును. అన్నము వద్దనినవాడు అయిదవ దినమున చచ్చును.

చదువరీ, మనము నవ్వవచ్చును గాని, మన యిండ్లలో జరుగుచున్నది ఏమి? ‘బూచివాడు వచ్చును’, ‘పోలీసుకు పట్టియిచ్చెదను’ అని అన్నము తినిపించుచున్నాము. ‘అయ్యగారితో చెప్పెదను’ అని నా పేరు చెప్పి బిడ్డలను భయపెట్టు తల్లులు నా సంఘములోనే కలరు. ఆ బిడ్డలు ఆదివారమున నన్ను చూచి తల్లి కొంగుచాటున దాగికొందురు. భయము బిడ్డను ఊరకుండజేయును. ఊరకుండుట మర్యాద యని మనము పొరబడుచున్నాము.

మన తెలుగు నాట

ఇప్పుడు మన భాషకు వత్తము. తెలుగు అక్షరములతో అచ్చుపడిన మొట్టమొదటి పుస్తకములు మన దేశమున అచ్చుపడలేదు. 1719లో తరంగంబాడికి వచ్చి, పిమ్మట మద్రాసులో పనిచేసి, తెలుగు నేర్చుకొనిన బెంజమిను షుల్జు అను మిషనరీ స్వదేశమునకు తిరిగివెళ్లి, 1746లో జర్మనీలోని హాలే పట్టణమందు కొన్ని తెలుగు పుస్తకములు అచ్చువేయించెను. వాటిలో ఒకటి లూథరు చిన్న ప్రశ్నోత్తరమే. అనగా తెలుగు అచ్చు పుట్టుకలోనే ఇంట పిల్లలకు నేర్పదగిన ఒక పుస్తకమున్నది. ఇది మనము కృతజ్ఞతతో జ్ఞాపకముంచుకొనదగిన విషయము.

మన పెద్దలు మనకిచ్చిన సొత్తు కూడ కొద్దిది కాదు. వీధిబడులలో పిల్లలు శతక పద్యములు వల్లించి నీతి నేర్చుకొనిరి. 19వ శతాబ్దమున మద్రాసులో అచ్చుపడిన పెద్ద బాలశిక్ష అక్షరములు మొదలు లెక్కలు, నీతివాక్యములు వరకు ఒకే పుస్తకములో చేర్చి యిచ్చెను. 1853లో చిన్నయసూరి ప్రకటించిన నీతిచంద్రికలో కాకి, ఎలుక, తాబేలు, లేడి చేసిన స్నేహము చదివి తరములు పెరిగినవి. ప్రాణుల నోట మంచి మాటలు పలికించుట నేటి కార్టూనులు క్రొత్తగా కనుగొనిన ఉపాయము కాదని దీనినిబట్టి తెలియుచున్నది.

అయితే ఒక ప్రశ్న అడుగవలసియున్నది. ఆ వీధిబడి అరుగుమీద ఎవరి బిడ్డలు కూర్చుండిరి? మనలో అనేకుల తాతముత్తాతలకు ఆ అరుగు ఎక్కుటకు సెలవు లేదు. వారికి మర్యాద నేర్పబడలేదని కాదు. వేరొక మర్యాద నేర్పబడెను. పెద్దల వీధిలో నడచునప్పుడు చెప్పులు చేతపట్టుకొనవలెను. పై గుడ్డ నడుమునకు చుట్టుకొనవలెను. దూరమున నిలువవలెను. నీళ్లు దోసిట పోయించుకొనవలెను. తన బిడ్డ యీడు పిల్లవాడు ‘ఒరేయ్’ అని పిలిచినను, ‘అయ్యా’ అని పలుకవలెను. దీనికి పుస్తకము అక్కరలేకపోయెను. బిడ్డ తన తండ్రి వంగుట చూచి తానును వంగుట నేర్చుకొనెను.

కాబట్టి మర్యాద అను ఒక్క మాటలో రెండు సంగతులు దాగియున్నవి. ఒకటి, బలవంతుని యెదుట బలహీనుడు భయముచే చేయునది. రెండవది, ఎదుటివాడు దేవుని స్వరూపమందు సృజింపబడినవాడని యెఱిగి ప్రేమచే చేయునది. చూచుటకు రెండును ఒకటివలెనే యుండును. రెండింటను చేతులు జోడింపబడును, తల వంచబడును. తేడా ఎక్కడ తెలియునన, మనకంటె తక్కువవాడని లోకము ఎంచిన మనుష్యుడు ఎదురు వచ్చినప్పుడు తెలియును.

చాపమీది బడి

మన డెల్టా ప్రాంతమునకు సువార్త పలు త్రోవలలో వచ్చెను. 1836లో బౌడెను, బీరు అను సహోదరులు నరసాపురము వైపునకు వచ్చిరి. 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు మచిలీపట్నమున దిగిరి. 1842లో హాయరుగారు గుంటూరు చేరెను. 1854లో ఏలూరు సి.ఎం.ఎస్. వారి కేంద్రమాయెను. 1859లో రాఘవాపురపు పగోలు వెంకయ్య డార్లింగు దొరగారి చేత బాప్తిస్మము పొందెను. ఆ తరువాత పల్లెపల్లెనుండి ఉపదేశిని పంపుడని, బడి పెట్టుడని పిలుపులు వచ్చెను. తాడేపల్లిగూడెము, భీమవరము వైపు లూథరను సంఘములును, ఏలూరు వైపు నేటి దక్షిణ ఇండియా సంఘమునకు చెందిన సంఘములును అట్లు వేరూరినవి.

ఆ బడి ఎట్టిది? తాటాకు ప్రార్థనశాల, లోపల చాపలు, ప్రక్కన ఇసుకలో వ్రాయుటకు చోటు. ఉపదేశి పగలు పిల్లలకును, రాత్రి కూలినుండి వచ్చిన పెద్దలకును పాఠము చెప్పెను. గోడకు వ్రేలాడు పెద్ద పటముల చుట్ట, ఆదివారపు బడిలో బహుమానముగా దొరకు రంగుల కార్డు – ఇవియే ఆనాటి పిల్లల బొమ్మలు. 1780లో ఇంగ్లండులోని గ్లాస్టరు పట్టణమున రాబర్టు రెయిక్సు వీధిపిల్లలకు ఆరంభించిన ఆదివారపు బడి ఉద్యమము మన దేశమునకు వచ్చి, 1876లో అలహాబాదున ఇండియా సండేస్కూలు యూనియను ఏర్పడెను. మంచి కాపరి గొఱ్ఱెపిల్లను భుజముమీద మోయు బొమ్మగల కార్డును పెట్టె అడుగున బట్టల మడతలో దాచుకొనిన ముసలివారిని నేను ఎఱుగుదును. ఆ బొమ్మను చూచి వారు నేర్చుకొనినదేమి? తప్పిపోయినదానిని కొట్టక మోసికొని వచ్చువాడు గొప్పవాడని నేర్చుకొనిరి.

ఆ బడిలో స్నానము చేసి రావలెనని, తల దువ్వుకొనవలెనని, అన్నమునకు ముందు స్తోత్రము చెప్పవలెనని, పెద్దలు వచ్చినప్పుడు లేవవలెనని నేర్పిరి. మరియొకటి కూడ నేర్పిరి. నిటారుగా నిలిచి, ఎదుటివాని కన్నులలోనికి చూచి మాటలాడుము అని నేర్పిరి. వంగుట మాత్రమే యెఱిగిన వీధికి ఇది క్రొత్త మర్యాద. ఎవరికైనను ‘అండి’ అనవలెను. మనలో మనమును ‘అండి’ అనుకొనవలెను. ఊరు మనలను గౌరవింపకపోయినను మనము ఒకరినొకరము గౌరవించుకొనుట అచ్చటనే ఆరంభమాయెను.

అయినను నిజము దాచకూడదు. మిషను బంగళా వరండాలోకూడ దూరము ఉండెను. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు లేచి, విదేశ మిషనరీలకును ఈ దేశపు సేవకులకును నడుమ నున్న ఆ దూరమును గూర్చి ధైర్యముగా మాటలాడెను. మీరు మాకు ఎన్నో ఇచ్చితిరి, ఇక స్నేహితులను ఇయ్యుడని ఆయన వేడుకొనెను. ఆయనయే 1912 డిశంబరు 29న దోర్నకలు బిషప్పుగా అభిషేకము పొందెను. ఆంగ్లికను సంఘమున ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. ఉపకారము చేయుచు కూడ మర్యాద తప్పవచ్చునని ఆయన మాట మనకు నేర్పుచున్నది. ఒకే చాపమీద కూర్చుండనిచ్చుట, ఒకే గిన్నెలోనుండి వడ్డించుట – ఇది ఉపన్యాసము కంటె పెద్ద పాఠము.

చందమామయు, బుడుగును

దేశమునకు స్వాతంత్ర్యము వచ్చు దినములలో పిల్లలకు తెలుగు పత్రికలు వికసించెను. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిల్లలు పిలిచిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మద్రాసునుండి ‘బాల’ పత్రికను తెచ్చిరి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గారలు ‘చందమామ’ను ఆరంభించిరి. ప్రతి పుటకు బొమ్మ, తేటయైన మాట. నేడు ఆ పత్రిక వెలువడుట లేదు గాని, పల్లెలలో ఒక్క ప్రతి పది యిండ్లు తిరిగిన కాలము చాలమందికి జ్ఞాపకమున్నది. చదువు వచ్చిన బిడ్డ చదువగా, చదువురాని తల్లి వినెను. ఒక పుస్తకము చుట్టు ఇంటివారందరు కూడుకొనిరి.

1956 ప్రాంతమున ఆంధ్రపత్రిక వారపత్రికలో ముళ్లపూడి వెంకటరమణగారు ‘బుడుగు’ అను అల్లరి పిల్లవాని కథ వ్రాయగా, మన నరసాపురమున 1933లో పుట్టిన బాపుగారు బొమ్మలు వేసిరి. ఈ బుడుగు మర్యాదస్థుడైన బాలుడు కాడు. పెద్దలను పేర్లుపెట్టి మాటలాడును. కొందరు పెద్దలు అట్టి పుస్తకము పిల్లల చేతికి ఇయ్యవచ్చునా అని సందేహింతురు. నేను చదివి కనుగొనినది ఇది: ఆ పిల్లవాడు పెద్దల మాటలను, పెద్దల గొప్పలను పట్టుకొని మరల వారికే అప్పగించుచున్నాడు. చదివిన పెద్దవాడు నవ్వుచు నవ్వుచు, ఇది నా మాటయే కదా అని ఆగవలసి వచ్చును. బొమ్మను బిడ్డ చూచుటయే కాదు, బిడ్డ కూడ మనకు బొమ్మ చూపునని అక్కడ నేర్చుకొంటిని. ఆ పాఠము నాకు అంతటితో ముగియలేదు.

నేను చూచిన నా బొమ్మ

కొన్ని సంవత్సరముల క్రిందట, కొల్లేటి ఒడ్డుననున్న ఒక సంఘములో వేసవి సెలవుల బైబిలు పాఠశాల జరిపితిమి. మర్యాదలను గూర్చిన బొమ్మల పుస్తకములు తెప్పించితిని. సాయంకాలము గోడకు తెల్లదుప్పటి కట్టి కార్టూను చిత్రములు చూపితిని. పిల్లలు ఎంతో ఆనందించిరి. కడపటి దినమున ‘ఇంటికి వచ్చిన అతిథి’ అను చిన్న నాటకము వారే ఆడిరి. ఏడేండ్ల బాలునికి ‘అయ్యగారి’ వేషము దొరికెను.

వాడు కండువా వేసికొని, అట్టతో చేసిన కళ్లజోడు పెట్టుకొని వచ్చెను. చేపల చెరువుల యజమాని వేషము వేసిన పిల్లవాడు ఎదురురాగా, రెండు చేతులు జోడించి, “రండి బాబుగారూ, దయచేయండి, కుర్చీ తెండిరా!” అనెను. అందరు నవ్విరి, నేనును నవ్వితిని. తరువాత చీపురు పట్టుకొనిన బాలిక వచ్చెను. వాడు ఆమె మొగముకూడ చూడక, ప్రక్కకు తిరిగి, “ఏమే, ఇక్కడ ఊడవలేదేం?” అనెను. గొంతు నాదే. చేయి ఊపుటయు నాదే. జనులు మరింత నవ్విరి. నేనును నవ్వబోయి గుమ్మమువైపు చూచితిని. మా ప్రార్థనశాల ఊడ్చు ముసలమ్మ అక్కడ కూర్చుండి యుండెను. ఆమె నాకంటె పదునైదేండ్లు పెద్దది. ఆమె నవ్వలేదు; తల వంచుకొనెను.

ప్రియ చదువరీ, ఆ నెల ముందే నేను యాకోబు పత్రిక రెండవ అధ్యాయముమీద ప్రసంగించితిని. బంగారు ఉంగరము పెట్టుకొనినవానికి మంచి స్థలమిచ్చి, మాసిన బట్టలవానిని కాళ్లయొద్ద కూర్చుండుమనుట పాపమని గట్టిగా చెప్పితిని. ఆ ప్రసంగము ఆ బాలునికి జ్ఞాపకము లేదు. ఆరు రోజులు నేను చూపిన బొమ్మలలోని మర్యాదయు వానికి పట్టలేదు. వాడు ప్రతి ఆదివారము గుమ్మములో నన్ను చూచుచుండెను. నేనే వానికి బొమ్మనైతిని.

ఆ సాయంకాలమే పిల్లలందరి యెదుట ఆమెయొద్దకు వెళ్లి, “అమ్మా, మిమ్మును ఇన్నాళ్లు తప్పుగా పిలిచితిని, క్షమించండి” అని వేడుకొంటిని. ఆమె కంగారుపడి లేచి, “ఎందుకండీ అయ్యగారూ, మాకు అలవాటే కదండీ” అనెను. ఆ ‘అలవాటే’ అను మాట నన్ను మిక్కిలి నొప్పించెను. తాతలనాడు వీధిలో వంగిన నడుము నా ప్రార్థనశాల గుమ్మములో ఇంకను వంగియే యున్నది. దానిని వంచినవాడను నేను.

ఆ దినముతో అందరును మారిరని వ్రాయను. నేనే మరి రెండు పర్యాయములు పాత మాట నోటికి తెచ్చుకొంటిని. రెండవసారి ఆ బాలుడు నన్ను చూచెను, నేను సవరించుకొంటిని. ఇప్పుడు వాడు ఆమెను ‘మామ్మగారూ’ అని పిలుచుచున్నాడు.

టెలివిజనులోని పాదిరి

బొమ్మల పెట్టెను బిడ్డల మేలుకొరకు వాడుకొనిన ఒక సేవకుని గూర్చి చెప్పి, ఇక ముగింతును. అమెరికాలో ఫ్రెడ్ రోజర్సు అను యౌవనస్థుడు 1951లో మొదటిసారి టెలివిజను చూచి, పిల్లల కార్యక్రమములో మనుష్యులు ఒకరి మొగముమీద ఒకరు తినుబండారములు విసరుకొనుట చూచి బాధపడెను. ఆయన 1963లో ప్రెస్బిటీరియను సంఘ పాదిరిగా అభిషిక్తుడై, టెలివిజను ద్వారా పిల్లలకు సేవ చేయుటకే నియమింపబడెను. 1968నుండి 2001వరకు ఆయన కార్యక్రమము దేశమంతట వచ్చెను. మెల్లగా మాటలాడును, బిడ్డ జవాబు చెప్పుటకు ఆగును.

1969లో ఒక దినమున ఆయన ఎండకు చిన్న తొట్టిలో చల్లని నీళ్లు పోసికొని పాదములు పెట్టుకొని యుండగా, పోలీసు వేషధారియైన నల్లజాతి సోదరుడు అటు వచ్చెను. ఆ దేశమున తెల్లవారు ఈదు కొలనులోనికి నల్లవారిని రానియ్యని చోట్లు అనేకముండిన దినములవి. రోజర్సుగారు అతనిని పిలిచి, అదే నీళ్లలో పాదములు పెట్టుమనెను. అదే తువాలు ఇచ్చెను. జాతిభేదమును గూర్చి ఒక్క ప్రసంగమును చేయలేదు. చూచిన బిడ్డలకు అది చాలెను. శిష్యుల పాదములు కడిగి తువాలుతో తుడిచిన ప్రభువును ఎఱిగినవారికి ఆ బొమ్మ ఎక్కడిదో తెలియును. మన దేశమున 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన 17వ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసెను. అయితే నీళ్ల గ్లాసు ఒక చేతినుండి మరియొక చేతికి మర్యాదతో అందుటను బిడ్డలకు కన్నులయెదుట చూపవలసినవారము మనము.

మన యిండ్లలో చేయదగినవి

మొదటిది, అన్నము పళ్లెము దగ్గర ఫోను ఉంచవద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహా ప్రకారము రెండేండ్లు నిండని బిడ్డకు తెరబొమ్మలు వద్దు. రెండు మొదలు నాలుగేండ్ల బిడ్డకు దినమునకు ఒక గంట మించకూడదు. అంతకంటె తక్కువైన మరీ మంచిది. చూపినప్పుడు ప్రక్కన కూర్చుండి మీరును చూడుడి. కుందేలు ఏమనెను, నీవైతే ఏమందువు అని అడుగుడి.

రెండవది, ఇంటిలో ఒక్క బొమ్మల పుస్తకమైన ఉంచుడి. చదువు రాని మామ్మయైనను బిడ్డను ఒడిలో పెట్టుకొని బొమ్మ చూపి కథ చెప్పగలదు. ఫోను ఆమె చేతిని అడ్డమనెను. పుస్తకము ఆమె చేతిలోనే యుండును.

మూడవది, మన మర్యాదను మన మాటలలో నేర్పుడి. ‘కృతజ్ఞతలు’ అను మాట వేదికమీదిది. అన్నము దగ్గర మనమెవరము దానిని పలుకము. ‘అండి’ అనుట, వరుస పెట్టి పిలుచుట, వచ్చినవారికి మంచినీళ్లిచ్చుట, తిన్నారా అని అడుగుట, పెద్దలకు చోటిచ్చుట – ఇవి మనవి. దోనె నడుపువానికిని, పాకీపనివానికిని, ఇటుకబట్టీకి వచ్చిన పరాయి కూలికిని కూడ ఇవి చెందునని నేర్పుడి. పదిమంది కుష్ఠరోగులలో తిరిగి వచ్చి ప్రభువునకు స్తుతి చెల్లించినవాడు పరాయివాడే.

నాలుగవది, భయపెట్టి నేర్పవద్దు. మీరు తప్పు చేసినప్పుడు బిడ్డ యెదుటనే క్షమాపణ అడుగుడి. పెద్దలు క్షమాపణ అడుగుట చూచిన బిడ్డకు మర్యాదను గూర్చి చెప్పవలసినది కొంచెమే మిగులును.

ఇక ఆ సాయంకాలపు తల్లికి నేను అప్పుడు జవాబు చెప్పలేకపోతిని. ఇప్పుడు చెప్పుచున్నాను. అమ్మా, బొమ్మలు నేర్పగలవు. మంచివి ఎంచి చూపుము. కాని ఆ దినమున నీళ్లు పడినప్పుడు నీవు సిగ్గుపడి నా వైపు చూచితివి. నేను నీ వైపు చూచితిని. తడిసిన ఆ ముసలితల్లి వైపు మనలో ఎవరమును చూడలేదు. “అయ్యో అత్తా, తడిసిపోయావా” అని నీవు అనలేదు, నేనును అడుగలేదు. బిడ్డ ఫోను మాత్రమే చూచుచున్నాడని మనమనుకొంటిమి. వాడు మనలను కూడ చూచెను.

నజరేతులో తల్లిదండ్రులకు లోబడి, దేవుని దయయందును మనుష్యుల దయయందును పెరిగిన బాలుడైన యేసు మన బిడ్డలకు మాదిరిగా ఉండునుగాక.

ప్రార్థన: ప్రభువా, మా బిడ్డల కన్నులు మామీద నున్నవని మాకు జ్ఞాపకము చేయుము. బలవంతుని యెదుట వంగి బలహీనుని త్రోసెడు మర్యాదను మానుండి తీసివేయుము. పాదములు కడిగిన నీ చేతుల ప్రేమను మా చేతులకు నేర్పుము. ఆమేన్.